అమ్మకి కొన్న ఆడియో బైబిల్ డబ్బా, ఏడు నెలల తర్వాత

మొన్న మా షాపుకి రీచార్జ్ కోసం వచ్చిన ఒకావిడ కౌంటర్ మీద ఛార్జింగ్‌కి పెట్టిన డబ్బా చూసి "ఇదేటమ్మా, రేడియోనా?" అని అడిగింది, ఆవిడకి చెప్పేసరికి వెనకాల ఇద్దరు నిలబడి వినేశారు, అప్పట్నుంచి వారానికి ఇద్దరైనా వచ్చి ఎంత, ఎక్కడ దొరుకుతాది, బాగుందా అని అడుగుతున్నారు. అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా, ఇక ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

మాది గుణుపురం, ఒడిశాలో రాయగడ జిల్లా. నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది, దాంట్లోనే రీచార్జ్, మెమరీ కార్డులు, ఛార్జర్లు, ఫోన్ బ్యాటరీలు కూడా అమ్ముతాను, కాబట్టి ఇలాంటి సామాన్ల లోపల ఏముంటాదో కొంచెం తెలుసు. అయినా కొనేటప్పుడు ఆ తెలివి ఎటు పోయిందో తెలీదు. జనవరిలో టెక్కలి వైపు సభలకి వెళ్ళాం, అక్కడ గేటు దగ్గర క్యాలెండర్లు, వాక్యం స్టిక్కర్లు, పాటల పుస్తకాలు అమ్మే స్టాలు ఉంది కదా, అందులో ఇవి వరసగా పెట్టి ఒకటి గట్టిగా మోగిస్తున్నారు. 1,450 అన్నాడు, బేరమాడితే 1,300 కి ఇచ్చాడు. కంపెనీ పేరు ఎందుకులే, డబ్బా మీద ఒక పేరుంటే లోపల కార్డు మీద ఇంకో పేరుంది, చూస్తే ఎక్కడో మొత్తంగా తెప్పించి స్టిక్కర్ వేసి అమ్ముతున్నట్టే ఉంది, ఇలాంటివి నాలుగైదు పేర్లతో దొరుకుతాయి.

అసలు ఎందుకు కొన్నానంటే, అమ్మ. అరవై ఏడేళ్ళు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు, ఒక కంటికి పోయిన డిసెంబర్‌లో ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా అవ్వాలి. కళ్ళు బాగున్నప్పుడు కూడా అమ్మకి తెలుగు చదవడం కష్టమే, ఈ సంగతి ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి చెప్తే నమ్మరు. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, పెళ్ళిళ్ళు తెలుగువాళ్ళతో, చర్చిలో ఆరాధన తెలుగు, కానీ బడి మాత్రం ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇటువైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, మా తాత ఆ కాలం మనిషి కాబట్టి ఆయనకి తెలుగు చదువొచ్చు, అమ్మ ఒడియా బడిలో నాలుగో క్లాసు. అమ్మ తెలుగు అక్షరాలు నేర్చుకున్నది సండే స్కూల్లో, నేనూ అక్కడే, ఒత్తులు నేర్చుకున్నది బైబిల్ మీద వేలు పెట్టుకుని. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో క్లాసు, దానికి తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు, ఇన్‌స్టాలో తెలుగు రీల్స్ మాత్రం అన్నీ చూస్తాది. అంటే మా ఇంట్లో తెలుగు బైబిల్ తెరిచి చదవగలిగేది నేనొక్కదాన్నే, నేను చూస్తే పొద్దున్న ఎనిమిదికి షాపు తీస్తే రాత్రి తొమ్మిదికి గానీ రాను. వినే డబ్బా కావాలనుకోవడానికి కారణం ఇదీ, ఏదో భక్తి ఎక్కువైపోయి కాదు.

సరే వస్తువు సంగతి. అరచెయ్యంత ఉంటాది, బరువు లేదు, ముందర స్పీకర్, కింద ఫోన్‌లో ఉన్నట్టు అంకెల బటన్లు, పైన చిన్న టార్చి, వెనక సోలార్ ప్లేటు. లోపల 16 జీబీ కార్డు, అందులో తెలుగు బైబిల్ మొత్తం, ఒడియా బైబిల్ మొత్తం, ఒక మూడొందల పాటలు, ఎవరిదో ప్రసంగాలు. పెట్టాల్సింది ఎలాగంటే పుస్తకం నంబరు నొక్కి, స్టార్ నొక్కి, అధ్యాయం నంబరు నొక్కాలి. ఆదికాండం 1, ప్రకటన 66. కీర్తనలు 19వ పుస్తకం, 19 స్టార్ 23 అంటే ఇరవై మూడో కీర్తన. మొదట నేను అనుకున్నా ముసలావిడ ఇన్ని అంకెలు ఎక్కడ గుర్తుపెట్టుకుంటాది, వేస్ట్ అని. రెండో వారానికే అమ్మ నోటికి నేర్చేసింది. ఇప్పుడు ఆవిడ మాట్లాడేదే అలాగ, "యాభై ఎనిమిదిలో నాలుగు పెట్టమ్మా" అంటాది, అంటే హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరయ్యగారు లూకా సువార్త అనగానే అమ్మ పక్కావిడతో "నలభై రెండు" అంటాదంట, ఆవిడ నాతో చెప్పి ఒకటే నవ్వు.

పాత నిబంధన 929 అధ్యాయాలు, కొత్తది 260, మొత్తం 1,189. ఇవన్నీ కార్డులో ఉన్నాయా లేవా అని నేను కంప్యూటర్‌లో పెట్టి లెక్కపెట్టాను, షాపు బుద్ధి పోదు కదా. 1,187 ఫైళ్ళున్నాయి. యోబులో ఒకటి, యెహెజ్కేలులో ఒకటి లేవు. యోబులో లేనిది ఏదో తెలుసా, ఆఖరిది, 42. పాపం ఆ మనిషి కష్టాలు నలభై ఒక్క అధ్యాయాలూ విని, దేవుడు ఆయనకి మళ్ళీ ఇచ్చింది వినకుండానే డబ్బా ఠక్కుమని కీర్తనల్లోకి దూకేస్తాది. ఇది చిన్న తప్పు కాదు, అమ్మేవాళ్ళు ఒక్కసారైనా విని చూసుకోవాలి. నేను ఫోన్ యాప్‌లోంచి ఆ రెండు అధ్యాయాలూ విడిగా రికార్డ్ చేసి కార్డులో వేశాను, ఇప్పుడు సరిపోయింది.

చదివిన గొంతు బాగుంది. ఒకాయనే మొత్తం చదివాడు, తొందర లేదు, పాత అనువాదం, "అడుగుడి మీకియ్యబడును" అనే ఆ పాత తెలుగు. మా అమ్మాయికి ఆ భాష సగం అర్థం కాదు. అమ్మకి మాత్రం అదే బైబిల్, వాడుకభాషలో ఉన్న అనువాదం నేను ఫోన్‌లో పెట్టి వినిపిస్తే "ఇదేటి, పేపర్ చదివినట్టుంది" అంది. కీర్తనల దగ్గర వెనకాల మ్యూజిక్ పెట్టారు, అక్కడక్కడ మాట కన్నా ఫ్లూటే ఎక్కువ వినిపిస్తాది, అది నాకు నచ్చలేదు. 119వ కీర్తన 176 వచనాలు కదా, అది పెడితే నేను బియ్యం ఏరి, కుక్కర్ పెట్టి, విజిల్ వచ్చేదాకా అవ్వదు. 117 రెండే వచనాలు, పెట్టానా లేదా అనుకునేలోపు అయిపోతాది.

ఒడియా ఉండడం నాకు అనవసరం అనిపించింది కొన్నప్పుడు. ఒకరోజు అమ్మ చెయ్యి తగిలి భాష బటన్ నొక్కుకుపోయింది, నేను షాపులో ఉన్నాను, సాయంత్రం వచ్చేసరికి అరుగు మీద అమ్మ, పక్కింటి మాఉసీ (ఒడియాలో పిన్ని అని) ఇద్దరూ కూర్చుని ఒడియాలో రూతు కథ వింటున్నారు. మాఉసీ వాళ్ళు హిందువులు, ఇంట్లో జగన్నాథుడి పటం ఉంటాది, ఆవిడకి ఆ అత్తా కోడళ్ళ కథ తెగ నచ్చేసింది, మర్నాడు "ఆ కోడలికి తర్వాత ఏటయింది" అని అడగడానికి వచ్చింది. నాలుగే అధ్యాయాలు కాబట్టి అయిపోయింది, ఆవిడకి చిన్నదైపోయిందని బాధ.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. స్టాల్లో కుర్రోడు అమ్మేటప్పుడు ఏమన్నాడంటే, "అక్కా ఇది ఇంట్లో ఇరవై నాలుగ్గంటలు మోగుతుంటే చాలు, అప్పులు తీరిపోతాయి, రోగాలు దరికి రావు, మీరు విశ్వాసంతో పెట్టండి అంతే." అట్టపెట్టె మీద కూడా ఇంచుమించు అదే రాసుంది. నాకు అక్కడే కొట్టాలనిపించింది. మా నాన్నది ఉద్దానం, కవిటి వైపు. అక్కడ కిడ్నీల జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, ఎందుకొస్తోందో డాక్టర్లు ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నారు, నీళ్ళు అంటారు, ఎండలో పని అంటారు, ఇదీ అని తేలలేదు. నాన్న పెళ్ళయ్యాక ఇటు వచ్చేసినా అది వదల్లేదు. డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగ్గంటలు, ఆయన్ని కూర్చోబెట్టుకుని తిరిగింది అమ్మ. సంఘమంతా ప్రార్థించారు, అమ్మ నలభై రోజులు ఒంటిపూట ఉంది. 2019లో నాన్న పోయారు. మరి ఇప్పుడు డబ్బా మోగించుంటే బతికేవారా, అమ్మ విశ్వాసం తక్కువైందా? ఈ మాట అమ్మేవాళ్ళు ఎవరూ నాలాంటి ఇంటికొచ్చి కూర్చుని చెప్పరు.

అమ్మ దగ్గర నేను ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది, ఈ డబ్బా వచ్చాక అడిగాను. రాత్రి కరెంటు పోయింది, ఆవిడ టార్చి వేసుకుని హెబ్రీ నాలుగే మళ్ళీ పెట్టుకుని వింటోంది, ఆఖర్న "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని వస్తాది కదా, అంటే దయచూపే దేవుడి సింహాసనం దగ్గరకి ధైర్యంగా వెళ్దాం అని, అక్కడ ఆపి వెనక్కి నొక్కి మళ్ళీ వింటోంది. నేనన్నాను, నాన్న విషయంలో అడిగావు కదమ్మా, ఇవ్వలేదు కదా, ఇంకా ఆ ధైర్యం ఎలాగొస్తాదీ అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఇస్తాడని ధైర్యం కాదే. అడిగితే ఎవులూ పొమ్మనరని. మీ నాన్న మంచమ్మీదున్నప్పుడు రేత్రి రెండింటికి లేసి ఏడిసీదాన్ని, ఆ టైములో నా మాట ఎవులింటారు? మా అన్నయ్య ఇంటికెల్తే తలుపు తీస్తాడా?" అని. అంతే, మళ్ళీ ప్లే నొక్కింది.

నాకు వేదాంతం తెలీదు గానీ ఆ డబ్బాలోనే వెతికితే అమ్మ మాటకి ఆధారం దొరికింది. యేసుప్రభువు గెత్సేమనే తోటలో ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలి అని మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు, మత్తయి 26, అంటే 40 స్టార్ 26, గిన్నె తొలగలేదు, మర్నాడు సిలువే. పౌలు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగాడు, రెండో కొరింథీ పత్రిక 12, అంటే 47 స్టార్ 12, ముల్లు తియ్యలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట మాత్రం వచ్చింది. వీళ్ళకే రానిది 1,300 పెట్టి కొన్న డబ్బా తెచ్చిపెట్టేస్తాదా? అట్టపెట్టె మీద ఆ రాతలు రాసినవాళ్ళు లోపల కార్డులో ఉన్నది వినలేదన్నమాట, యోబు 42 లేకపోవడం చూస్తేనే తెలుస్తోంది.

అలాగని దీనివల్ల ఏమీ అవ్వలేదు అంటే అబద్ధం. కంటి ఆపరేషన్ అయిన కొత్తలో ఒక నెల పైన చుక్కల మందు వేయాలి, వంగకూడదు, తలమీద నీళ్ళు పోసుకోకూడదు, పొయ్యి దగ్గరకి వెళ్ళకూడదు, అమ్మకి రోజంతా ఖాళీగా కూర్చోవడం అంటే శిక్ష, అప్పటికి డబ్బా లేదు, ఆ నెలంతా నన్ను షాపుకి ఫోన్ చేసి చంపేసింది. ఇక రెండో కన్ను. ఒక కన్ను మసక, ఒక కన్ను తేటగా ఉంటే తల తిరుగుతాదంట, అప్పుడు కళ్ళు మూసుకుని వింటూ పడుకుంటాది, పొద్దున్న నాలుగున్నరకి లేచి చిన్న సౌండ్‌తో కీర్తనలు, మధ్యలో ఆపి తన ప్రార్థన, మళ్ళీ కీర్తన. ఆపి ప్రార్థన చేసుకోవడం నాకు బాగా నచ్చింది. ఇరవై నాలుగ్గంటలూ మోగితే ఆ గొంతు ఫ్యాను శబ్దంలాగ అయిపోతాది, ఎవ్వరూ వినరు.

మా తమ్ముడు సూరత్‌లో మగ్గాల మిల్లులో పని. మార్చిలో పదకొండు రోజులు ఫోన్ లేదు, స్విచ్ఛాఫ్. ఇటువైపు నుంచి సూరత్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఫోన్ స్విచ్ఛాఫ్ అంటే ఏమేం ఆలోచనలొస్తాయో వాళ్ళకే తెలుసు. అమ్మ ఫిలిప్పీ నాలుగు పెట్టుకునేది, 50 స్టార్ 4, దేనినిగూర్చియు చింతపడకుడి అని వస్తాది. చింతపడకుండా ఉందా అంటే లేదు, అన్నం తినలేదు, కానీ చింతపడుతూనే ఆ మాట వింటూ, వాడి పేరు పెట్టి గట్టిగా పైకే ప్రార్థన, పక్కింటికి వినిపించేలాగ. పన్నెండోరోజు వాడు రూమ్మేట్ ఫోన్ నుంచి చేశాడు, రైల్లో ఫోన్ పోయిందంట, కొత్తది కొనడానికి నాలుగు వేలు పంపమన్నాడు. ప్రార్థనకి జవాబొచ్చింది, ఖర్చు నా మీద పడింది.

ఇంకోటి భత్తా డబ్బులు. ఇటువైపు పింఛనుని అందరం భత్తా అనే అంటాం. అమ్మకి వితంతు భత్తా వస్తాది, ఏప్రిల్, మే రెండు నెలలు ఆగిపోయింది, వేలిముద్ర మెషిన్లో పడట్లేదంట. ఎలాగ పడతాది, జీవితమంతా కట్టెలు కొట్టి, గిన్నెలు తోమిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయాయి. మూడుసార్లు తీసుకెళ్ళాను. ఎక్కడికి అని పేరు చెప్పను, ఎక్కడైనా ఇంతే. మూడోసారి కౌంటర్లో అబ్బాయి తల ఎత్తకుండా మళ్ళీ రండి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, షాపు మూసుకుని వచ్చాను కదా, నోరు చేసుకోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది, కౌంటర్ మీద చేతులు ఆనించి నెమ్మదిగా, "బాబూ, ము సోమబార ఆసిబి" అంది, నేను సోమవారం వస్తాను అని, అరుపు లేదు, బతిమాలడం లేదు, పొరుగింట్లో ఇచ్చిన పెరుగు గిన్నె తిరిగి తీసుకోవడానికి వస్తానన్నట్టు చెప్పింది. అతను తలెత్తి చూశాడు. సోమవారం వెళ్ళాం. ఈసారి అతనే నీళ్ళతో వేళ్ళు కడిగించి, తుడిపించి, ఒక్కో వేలూ పెట్టి చూశాడు, ఎడమచేతి ఉంగరపు వేలు పడింది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో అమ్మ చెప్పింది, ముందు రోజు రాత్రి లూకా 18 విందంట. అందులో ఒక విధవరాలు, దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని జడ్జి దగ్గరికి నాకు న్యాయం తీర్చు అని ఊరికే వెళ్తూ ఉంటాది, ఆయన విసిగిపోయి తీర్చేస్తాడు. విసుకక నిత్యము ప్రార్థన చెయ్యాలని చెప్పడానికే ఆ ఉపమానం. "ఆ జడ్జీ పాపం సెడ్డోడు, అయినా తీర్సీనాడు. మన కౌంటర్ కుర్రోడు సెడ్డోడు కాడు, పనెక్కువ ఆడికి" అని అమ్మ వ్యాఖ్యానం. ఎంతమంది ప్రసంగాలు విన్నానో గానీ ఆ విధవరాలు ప్రార్థన గదిలో కూర్చోలేదు, నడుచుకుంటూ కోర్టుకెళ్ళింది అన్న సంగతి నాకు ఆ ఆటోలోనే తట్టింది.

సరే మళ్ళీ వస్తువు దగ్గరకి. బ్యాటరీ. వెనక మూత తీస్తే నోకియా పాత ఫోన్లలో వచ్చే బీఎల్-5సీ సైజు బ్యాటరీ, ఊరూపేరూ లేనిది. మొదట్లో ఆరేడు గంటలు వచ్చేది, ఐదో నెలకి గంటన్నర, తీసి చూస్తే ఉబ్బిపోయింది, టేబుల్ మీద పెట్టి తిప్పితే బొంగరంలాగ తిరిగింది. ఉబ్బినది అస్సలు వాడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు, సూది పెట్టి గుచ్చే తెలివితేటలు అంతకన్నా వద్దు. మా షాపులోదే మంచిది వేశాను, 180 రూపాయలు, ఇప్పుడు ఎనిమిది గంటలు వస్తోంది. అదే బ్యాటరీ కావడం నిజానికి అదృష్టం, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాది. గ్యారంటీ కార్డు మీద ఉన్న నంబరుకి నాలుగుసార్లు చేశాను, రింగవుతాది, ఎవరూ ఎత్తరు.

సోలార్ ప్లేటు శుద్ధ దండగ. మే నెల ఎండలో, గుణుపురం ఎండ గురించి చెప్పక్కర్లేదు, డాబా మీద మూడు గంటలు పెట్టాను, ఇరవై నిమిషాలు మోగింది, డబ్బా మాత్రం ముట్టుకోలేనంత కాలింది. బ్యాటరీ ఉబ్బడానికి ఆ ఎండ కూడా కారణమేమో అని నా అనుమానం, వేడికి ఇవి తొందరగా పాడవుతాయి. అమ్మ సోలార్ అనగానే సంతోషించింది, ఎందుకంటే ఆవిడకి 2018 తిత్లీ తుఫాను గుర్తు, అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన దానికి ఇటు మాకు కూడా వాన, గాలి, కరెంటు లేదు, ఆ చీకట్లో ఇంటిల్లిపాదీ ఒక కొవ్వొత్తి చుట్టూ కూర్చుని అమ్మకి కంఠతా వచ్చిన కీర్తనలు చెప్పుకున్నాం. అలాంటి రోజుకి ఈ సోలార్ పనికొస్తాదని నమ్మి కొనకండి. అంతకన్నా ఒక పవర్ బ్యాంక్ ఉంచుకోండి. ఛార్జింగ్ పిన్ను పాత మైక్రో యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ల టైప్-సి కాదు, మీ ఇంట్లో పాత ఛార్జర్ ఉంటే పారేయకండి.

బటన్లు అన్నీ ఒకే నలుపు, కళ్ళు సరిగ్గా లేనివాళ్ళకోసం అమ్మే వస్తువుకి బటన్ మీద తడిమితే తెలిసే గుర్తు లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాదు. మా అమ్మాయి తన నెయిల్ పాలిష్ తెచ్చి 5 మీద ఒక చుక్క, ప్లే మీద రెండు చుక్కలు పెట్టింది, ఆరాక గట్టిపడి గింజలాగ తగులుతాయి. మెరుపులున్న గులాబీ రంగు. అమ్మకి ఏడు నెలల్లో చాలా సాయం చేసిన మార్పు అదే, ఖర్చు లేదు.

ఇంకో మంచి గుణం, ఆపిన చోట గుర్తు పెట్టుకుంటాది. సెల్ అయిపోయి ఆగినా మళ్ళీ వేస్తే అక్కడి నుంచే మొదలు. చెడ్డ గుణం, ప్రసంగాల ఫోల్డర్. ఎవరో ఒకాయన, ప్రతి ప్రసంగం ఆఖర్న ఫోన్ నంబరు చెప్పి మీ సమస్య చెప్పండి, కానుక పంపండి, ప్రార్థిస్తాం అంటాడు. అమ్మ ఒకసారి తమ్ముడి విషయంలో ఫోన్ చెయ్యమంది. నేను, నువ్వు ఎవరి పర్మిషన్ లేకుండా రాత్రి రెండింటికి నేరుగా అడిగేదానివి, ఇప్పుడు మధ్యలో ఈయనకి ఎందుకు అన్నాను. నవ్వేసింది. ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేశాను, అలా చెయ్యడం తప్పయితే నాదే. సంఘంలో పెద్దలు, పాస్టరయ్యగారు ఇంటికొచ్చి మనతో కూర్చుని ప్రార్థన చేస్తే అది వేరే, అది కావాలి కూడా, నాన్న పోయినప్పుడు వాళ్ళు రాకపోతే మేము లేచేవాళ్ళం కాదు.

ఫోన్లోనే వినొచ్చు కదా అనేవాళ్ళకి. వినొచ్చు, ఉచితం. యూవర్షన్ యాప్, బైబిల్ డాట్ ఈజ్ యాప్ రెండిట్లోనూ తెలుగు ఆడియో ఉంది, మీకు టచ్ ఫోన్ వాడడం వస్తే, డేటా ఉంటే ఈ డబ్బా కొనొద్దు అనే చెప్తాను, నా దగ్గర రీచార్జ్ చేయించుకోండి, నాకూ లాభం. కానీ అమ్మ చేతికి టచ్ ఫోన్ ఇస్తే హెబ్రీ పత్రిక మధ్యలో లోన్ కావాలా అని ఫోన్ వస్తాది, ఓటీపీ అడుగుతారు, వీడియోలు తెరుచుకుంటాయి. ఈ డబ్బాకి ఫోన్లు రావు, ఈ ఒక్క గుణానికే నేను డబ్బులిచ్చాను అనుకుంటాను. కార్డు కాపీ చేసి ఇవ్వమని కూడా నలుగురడిగారు, రికార్డింగ్ ఎవరిదో, హక్కులు ఎవరివో తెలీకుండా డబ్బులకి చెయ్యలేను, మొహమాటపెట్టకండి. నేను నాకోసం ఒక కాపీ కంప్యూటర్లో పెట్టుకున్నాను, ఈ చవక కార్డులు ఎప్పుడు పోతాయో చెప్పలేం కాబట్టి మీరూ కొన్న రోజే అది చేసుకోండి.

ఐదుకి ఎంత అంటే మూడున్నర. చదివిన గొంతుకీ, ఆపిన చోట గుర్తుపెట్టుకున్నందుకీ, ఒడియా ఉన్నందుకీ ఇచ్చాను, సోలార్‌కి, గ్యారంటీకి సున్నా, అట్టపెట్టె మీద రాతలకి సున్నా కన్నా తక్కువ ఉంటే అది. 1,300 ఎక్కువ, వెయ్యి లోపు వస్తే కొనండి, కొన్నచోటే మూత తీయించి బ్యాటరీ చూడండి, 18 స్టార్ 42 నొక్కి యోబు ఆఖరి అధ్యాయం ఉందో లేదో అక్కడే వినండి. ఇంట్లో కళ్ళు సరిగ్గా లేనివాళ్ళు, మాలాగ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రానివాళ్ళు ఉంటే పనికొస్తాది.

ఈ నెల భత్తా ఇంకా పడలేదు. వేలు మళ్ళీ మొరాయించింది, ఈసారి ఆ ఉంగరపు వేలు కూడా. సోమవారం వెళ్ళాలి. రెండో కంటికి డేట్ కూడా ఆరోజే అడగాలి. అమ్మ ఇందాకే డబ్బా తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది, ఆదివారం రాత్రికి ఫుల్ ఛార్జింగ్ ఉండాలంట.